యూదుల హక్కులను జర్మనీ చట్టబద్ధంగా ఎలా లాగేసుకుంది?

మీ ప్రశ్న సారాంశం ఇది: జర్మనీకి రాజ్యాంగం ఉండేది, కోర్టులు ఉండేవి, న్యాయశాస్త్రం చదువుకున్నవాళ్లు వేలల్లో ఉండేవారు. మరి యూదుల హక్కులు పోతుంటే ఇవన్నీ ఏమయ్యాయి? ఇదంతా హిట్లర్ హుంకరింపులతో జరిగిందా, చట్టం ప్రకారమే జరిగిందా?

చట్టం ప్రకారమే జరిగింది. గెజిట్‌లో అచ్చయి, మంత్రుల సంతకాలతో, సెక్షన్లూ ఉపసెక్షన్లూ సహా జరిగింది. న్యాయచరిత్ర పాఠం చెప్పిన కాలంలో నేను గమనించింది ఏమిటంటే, విద్యార్థులు 1935 నాటి న్యూరెంబర్గ్ చట్టాల దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నిషేధాలను మాత్రమే చదివితే ఇది ద్వేషం కథలా కనిపిస్తుంది. ద్వేషం ఉంది, కాదనను. కానీ ఒక చట్టం తయారుచేసిన నిర్వచనాన్నో, జాబితానో తర్వాతి చట్టం ఎలా వాడుకుందో చూస్తేనే అసలు యంత్రం కనిపిస్తుంది. నా సమాధానం ఆ దారిలోనే నడుస్తుంది.

పోగొట్టుకున్నది ఏమిటో ముందు చెప్పాలి. మతాన్ని బట్టి పౌరహక్కుల్లో తేడా ఉండకూడదని 1869 జులై 3న ఉత్తర జర్మన్ సమాఖ్య చట్టం చేసింది. 1871లో ఏర్పడిన జర్మన్ సామ్రాజ్యం దాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. 1919 నాటి వైమార్ రాజ్యాంగం పౌరులందరూ చట్టం ముందు సమానులని ప్రకటించింది. దాని తొలి ముసాయిదా రాసిన హ్యూగో ప్రాయిస్ యూదుడే. మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు లక్ష మంది యూదులు జర్మనీ తరఫున పనిచేశారు, దాదాపు 12,000 మంది చనిపోయారు. 1933 జనాభా లెక్కల నాటికి వాళ్ల సంఖ్య సుమారు 5 లక్షలు, అంటే జనాభాలో ఒక శాతం కూడా కాదు.

వైమార్ రాజ్యాంగాన్ని నాజీలు ఏనాడూ లాంఛనంగా రద్దు చేయలేదు. పార్లమెంటు భవనం తగలబడిన మర్నాడు, 1933 ఫిబ్రవరి 28న, అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ అత్యవసర ఉత్తర్వుతో వాక్ స్వాతంత్ర్యం, సభా స్వాతంత్ర్యం, అక్రమ నిర్బంధం నుంచి రక్షణ, ఆస్తికి రక్షణ నిలిచిపోయాయి. మార్చి 23న పార్లమెంటు 444-94 ఓట్లతో అధికార ప్రదాన చట్టాన్ని ఆమోదించింది. ఇక చట్టాలు చేయడానికి మంత్రివర్గం చాలు, అవి రాజ్యాంగాన్ని అతిక్రమించినా చెల్లుతాయి. వ్యతిరేకంగా ఓటేసింది సోషల్ డెమొక్రాట్లు మాత్రమే. కమ్యూనిస్టు సభ్యులను అసలు సభకే రానివ్వలేదు. రాజ్యాంగం పుస్తకంలో అలాగే ఉంది, దాన్ని పట్టించుకోవలసిన అవసరం మాత్రం ఎవరికీ లేకుండా పోయింది.

రెండు వారాలకే మొదటి దెబ్బ పడింది. 1933 ఏప్రిల్ 7న వచ్చిన చట్టం పేరు చూడండి: వృత్తిపరమైన ప్రభుత్వోద్యోగ వ్యవస్థ పునరుద్ధరణ చట్టం. ఏదో పాలనా సంస్కరణ అనిపిస్తుంది. దాని 3వ సెక్షన్ ప్రకారం ఆర్య సంతతికి చెందని ఉద్యోగులను పదవీ విరమణ చేయించాలి. ఆర్యేతరులంటే ఎవరో చట్టంలో లేదు. నాలుగు రోజుల తర్వాత వచ్చిన నిబంధన చెప్పింది: తాత, అమ్మమ్మల తరంలో ఒక్కరు యూదులైనా చాలు. దాంతో ఉపాధ్యాయులు, ప్రొఫెసర్లు, న్యాయమూర్తులు, గుమస్తాలు తమ పూర్వీకుల జనన, వివాహ పత్రాల కోసం రిజిస్ట్రీ కార్యాలయాలకూ చర్చిలకూ పరుగులు తీశారు. ఈ తప్పనిసరి యూదులకే పరిమితం కాలేదు. తాను యూదుడు కానని నిరూపించుకోవలసిన పని ప్రతి ఉద్యోగికీ వచ్చిపడింది. వడపోతలో జనం తమంతట తామే పాలుపంచుకునేలా చేసిన మొదటి ఎత్తు అది.

ఆ చట్టంలో మినహాయింపులూ ఉన్నాయి. 1914 ఆగస్టు 1కి ముందు నుంచీ ఉద్యోగంలో ఉన్నవాళ్లు, యుద్ధరంగంలో పోరాడినవాళ్లు, తండ్రినో కొడుకునో యుద్ధంలో కోల్పోయినవాళ్లు కొనసాగవచ్చు. మాజీ సైనికుల కోసం హిండెన్‌బర్గ్ పట్టుబట్టాడు. న్యాయవాదులపై అదే రోజు వచ్చిన చట్టంలోనూ ఇలాంటి వెసులుబాటే ఉండడంతో ప్రష్యాలో యూదు న్యాయవాదుల్లో సగానికి పైనే వృత్తిలో మిగిలారు. ఇంతమందికి అర్హత ఉంటుందని నాజీ అధికారులే ఊహించలేదు. అయితే ఈ మినహాయింపు చేసిన హానిని తక్కువగా చూడకూడదు. ‘గీత ఇక్కడితో ఆగింది, మనం ఇవతలే ఉన్నాం’ అని చాలామంది నమ్మారు. తోటి ఉద్యోగులకు కూడా ఇందులో ఏదో న్యాయం పాటించినట్టే అనిపించింది. ప్రభుత్వోద్యోగులకున్న ఆ మినహాయింపును ఇచ్చినవాళ్లే 1935 చివరికి తీసేశారు.

అదే నెలలో మిగతావి వరుస కట్టాయి. యూదు వైద్యులను ఆరోగ్య బీమా నిధుల జాబితాల నుంచి తొలగించారు. పాఠశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో కొత్త ప్రవేశాల్లో ఆర్యేతరుల వాటా 1.5 శాతం దాటకూడదన్నారు. ఆ చట్టం పేరు ‘రద్దీ నివారణ’! జులై 14 నాటి చట్టం 1918 నవంబరు తర్వాత ఇచ్చిన పౌరసత్వాలను వెనక్కి తీసుకునే అధికారం ఇచ్చింది. తూర్పు ఐరోపా నుంచి వచ్చి స్థిరపడిన యూదులే దాని మొదటి గురి. శరదృతువులో పత్రికలు, కళారంగం, వ్యవసాయ భూముల వారసత్వం కూడా ఈ వలలో పడ్డాయి. భూమి విషయంలో అయితే 1800 జనవరి 1 దాకా వెనక్కి వెళ్లి రక్తం లెక్క చూపించాలి.

న్యాయశాస్త్ర పండితులు ఏమి చేశారని అడిగారు కదా. కొలోన్ విశ్వవిద్యాలయంలో హాన్స్ కెల్సెన్ అనే మహా పండితుడు ఉండేవాడు. ఆస్ట్రియా రాజ్యాంగ రచనలో ఆయనది ముఖ్యపాత్ర. ఏప్రిల్ చట్టం కింద ఆయనను తొలగిస్తే న్యాయ విభాగంలోని సహోద్యోగులు ఆయన తరఫున విన్నపం రాశారు. సంతకం పెట్టనివాడు ఒక్కడే, కార్ల్ ష్మిట్. కెల్సెన్ దేశం విడిచి వెళ్లాడు, ష్మిట్ బెర్లిన్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. న్యూరెంబర్గ్ చట్టాలు వచ్చినప్పుడు ‘స్వేచ్ఛా రాజ్యాంగం’ అనే శీర్షికతో వాటిని పొగుడుతూ వ్యాసం రాసింది ఈయనే. 1936లో ఒక సదస్సు పెట్టి, యూదు రచయితలను ఉటంకిస్తే పక్కన వాళ్లు యూదులని తప్పక రాయాలన్నాడు. ఆయన గ్రంథాలు ఇవాళ్టికీ ప్రపంచమంతా పాఠ్యాంశాలే. చదవవద్దని నేను అనను, ఈ సంతకం సంగతి మరిచిపోకుండా చదవమంటాను.

ఇక న్యూరెంబర్గ్ చట్టాలు. 1935 సెప్టెంబరులో నాజీ పార్టీ వార్షిక సభ న్యూరెంబర్గ్‌లో జరుగుతుండగా, ఉన్నట్టుండి యూదుల మీద చట్టం కావాలని హిట్లర్ కోరాడు. బెర్లిన్‌లోని హోంశాఖలో యూదు వ్యవహారాలు చూసే బెర్న్‌హార్డ్ లోజెనర్‌ను హుటాహుటిన పిలిపించారు. రాత్రంతా ముసాయిదాలు రాసి పంపడం, దిద్దుబాట్లతో అవి తిరిగిరావడం. అర్ధరాత్రి దాటాక పౌరసత్వ చట్టం కూడా కావాలన్న కబురు వచ్చింది. కాగితం అందుబాటులో లేక దాన్ని భోజనాల పట్టిక వెనుక రాశామని లోజెనర్ యుద్ధం తర్వాత రాశాడు. తన పాత్రను తేలిక చేసుకోవాలన్న ఆత్రం ఆయన కథనంలో కనిపిస్తుంది కాబట్టి కొంత జాగ్రత్తగానే తీసుకోవాలి. పైగా అంత హడావిడిలోనూ పని పూర్తయిందంటే దానికి అప్పటికే హోం, న్యాయ శాఖల్లో సాగిన చర్చలే కారణం. 1934 జూన్‌లో క్రిమినల్ చట్ట సవరణ సంఘం సమావేశంలో అమెరికా రాష్ట్రాల్లోని జాత్యంతర వివాహ నిషేధాల వంటి వాటినీ, ముఖ్యంగా నల్లజాతివారితో పెళ్లిళ్లను నేరం చేసిన చట్టాలనూ, పరిశీలించారు.

సెప్టెంబరు 15న న్యూరెంబర్గ్‌లోనే పార్లమెంటును సమావేశపరిచి వాటిని ఆమోదింపజేశారు. మొదటిది పౌరసత్వాన్ని రెండు ముక్కలు చేసింది. యూదులు రాజ్యానికి చెందినవారుగా మాత్రమే ఉంటారు. రాజకీయ హక్కులున్న ‘రైక్ పౌరులు’ (రైక్ అంటే జర్మన్ రాజ్యం) జర్మన్ రక్తం ఉన్నవారే. ఇలాంటి పౌరులకు ఇస్తామన్న ధ్రువపత్రాలు నిజానికి ఎవరికీ పంచలేదు. యూదులను బయటకు నెట్టడానికి ధ్రువపత్రం అక్కరలేదు, ఖాళీ చట్రం చాలు. తర్వాతి ఎనిమిదేళ్లలో దీనికింద వచ్చిన 13 నిబంధనలు ఆ చట్రాన్నే నింపాయి. రెండోదైన రక్త రక్షణ చట్టం యూదులకూ జర్మన్ రక్తం ఉన్నవారికీ మధ్య పెళ్లిళ్లను, వివాహేతర సంబంధాలను నేరం చేసింది. 45 ఏళ్లలోపు జర్మన్ స్త్రీలను యూదులు ఇంటిపనికి పెట్టుకోకూడదు. జాతీయ జెండా ఎగరేయకూడదు.

అంత చేసీ, యూదుడు ఎవరో ఆ రెండు చట్టాల్లోనూ చెప్పలేదు. పార్టీకీ హోంశాఖకూ మధ్య రెండు నెలలు వాదన నడిచి నవంబరు 14న నిర్వచనం వచ్చింది. ఇద్దరు తాతలు, అమ్మమ్మ, నానమ్మ, ఈ నలుగురిలో ముగ్గురు లేదా నలుగురు యూదులైతే ఆ మనిషి యూదు. ఇద్దరైతే, ఆ మనిషి యూదు మత సంఘంలో సభ్యుడా, యూదును పెళ్లాడాడా అన్నదాన్ని బట్టి తేల్చాలి. ఈ రెంటికీ చిక్కనివాళ్లు ‘మిశ్రమ సంతతి’. మరి తాత యూదుడని ఎలా తెలుస్తుంది? ఆయన యూదు మత సంఘంలో ఉంటే చాలు, యూదు కిందే లెక్క. రక్తం గురించి ఇంత రంకెలు వేసిన ప్రభుత్వానికి రక్తాన్ని పరీక్షించే మార్గమే లేక చివరికి ప్రార్థనాలయం రిజిస్టరును ఆశ్రయించింది. ఈ వైరుధ్యం నిబంధన రాసినవాళ్లకు తెలియనిది కాదు. పాలనకు కావలసింది శాస్త్రం కాదు, గుమస్తా బల్ల మీద పది నిమిషాల్లో తేలిపోయే కొలమానం. క్రైస్తవం పుచ్చుకుని తరం గడిచిన కుటుంబాలు, తాము యూదులమన్న ఎరుకే లేనివాళ్లు కూడా దీని కిందకు వచ్చారు.

కోర్టుల సంగతికి వద్దాం. న్యాయమూర్తులు చేతులు కట్టేసినందువల్ల చేశారని అనుకోవడం నాకు సమ్మతం కాదు. చాలాచోట్ల వాళ్లు చట్టం అడిగినదానికంటే ముందుకు వెళ్లారు. ఎరిక్ షారెల్ అనే పేరున్న దర్శకుడితో ఊఫా చిత్రసంస్థకు సంబంధించిన ఒప్పందం ఒకటి ఉండేది. జబ్బు, మరణం వంటి కారణాలతో దర్శకుడు పని చేయలేకపోతే రద్దు చేసుకోవచ్చని అందులో షరతు. ఆయన యూదుడు కావడం కూడా అలాంటి కారణమేనని 1936 జూన్‌లో లైప్‌జిగ్‌లోని అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. బతికున్న మనిషిని ఒప్పందాల చట్టం దృష్టిలో చచ్చినవాడితో సమానం చేయమని ఏ గెజిటూ అడగలేదు.

ఇంకా ఘోరం న్యూరెంబర్గ్‌లో చెప్పుల వ్యాపారి, యూదు సంఘం అధ్యక్షుడు లియో కాట్సెన్‌బెర్గర్ కేసు. ఐరీన్ జైలర్ అనే యువతితో సంబంధం ఉందని ఆరోపణ. ఇద్దరూ కాదన్నారు. రక్త రక్షణ చట్టం కింద గరిష్ఠ శిక్ష కఠిన కారాగారమే, మరణశిక్ష లేదు. ప్రత్యేక కోర్టు న్యాయమూర్తి ఓస్వాల్డ్ రోథౌగ్ ఒక దారి కనిపెట్టాడు. యుద్ధకాలంలో దీపాలు ఆర్పే వేళను ఆసరాగా చేసుకున్న నేరాలకు మరణశిక్ష విధించే వేరే ఉత్తర్వు ఒకటి ఉంది, దాన్ని దీనికి జోడించాడు. 1942 మార్చిలో శిక్ష, జూన్‌లో అమలు. ఆ సంబంధాల నేరంలో స్త్రీకి శిక్ష ఉండదు కాబట్టి జైలర్‌ను అబద్ధపు సాక్ష్యం కింద జైలుకు పంపారు.

1938 అన్నింటికంటే శ్రద్ధగా చదవవలసిన ఏడాది. ఏప్రిల్ 26న ఒక ఉత్తర్వు వచ్చింది: 5,000 రైక్‌మార్కులకు మించిన ఆస్తి ఉన్న యూదులందరూ దేశంలోనిదీ, విదేశాల్లోనిదీ వివరంగా రాసి ఇవ్వాలి. ఇల్లు, బ్యాంకు ఖాతా, బీమా, నగలు, అన్నీ. చూడటానికి ఇది ఒక ప్రకటన పత్రం, అంతే. కానీ ఆ ఆస్తిని జర్మన్ ఆర్థిక వ్యవస్థ అవసరాలకు తగ్గట్టు వినియోగించేలా చర్యలు తీసుకునే అధికారం హిట్లర్ మంత్రి గోరింగ్‌కు ఇచ్చే సెక్షన్ కూడా అందులోనే ఉంది. జనం నిజాయితీగా నింపారు, నింపకపోతే జైలు.

నవంబరు 7న ప్యారిస్‌లో హెర్షెల్ గ్రిన్స్పాన్ అనే 17 ఏళ్ల కుర్రవాడు జర్మన్ దౌత్య ఉద్యోగిని కాల్చాడు. అతని తల్లిదండ్రులు కొద్దిరోజుల ముందే జర్మనీ నుంచి పోలండ్ సరిహద్దుకు తరిమేసిన సుమారు 17,000 మందిలో ఉన్నారు. అదే సాకుగా నవంబరు 9 రాత్రి దేశమంతా యూదు ప్రార్థనాలయాలు తగలబడ్డాయి, వేలాది దుకాణాలు ధ్వంసమయ్యాయి, సుమారు 30,000 మంది పురుషులను నిర్బంధ శిబిరాలకు పంపారు. నవంబరు 12న గోరింగ్ సమావేశం పెట్టాడు. బీమా సంస్థల ప్రతినిధిని కూడా పిలిపించారు, ఎందుకంటే పగిలిన అద్దాలకు పరిహారం ఎవరివ్వాలన్నది చిక్కుప్రశ్న అయింది. తేల్చింది ఇదీ: బీమా సొమ్ము సంస్థలు చెల్లించాలి, అది యూదులకు కాక ఖజానాకు పోతుంది, మరమ్మతులు యూదులే తమ ఖర్చుతో చేయించుకోవాలి. ఇవన్నీ కాక యూదు సమాజం మొత్తం వంద కోట్ల రైక్‌మార్కుల జరిమానా కట్టాలి. ఎవరు ఎంత కట్టాలో లెక్కవేయడానికి అధికారులు కష్టపడనక్కరలేకపోయింది. ఏప్రిల్‌లో వాళ్లే నింపి ఇచ్చిన పత్రాలు సిద్ధంగా ఉన్నాయి. ప్రకటించిన ఆస్తిలో 20 శాతం నాలుగు వాయిదాల్లో వసూలు చేశారు, మరుసటి ఏడాది ఇంకో 5 శాతం కలిపారు. 1939 జనవరి 1 నుంచి యూదులు దుకాణాలు, చేతివృత్తులు నడపకూడదని కూడా ఆ రోజే నిర్ణయించారు.

‘మరి వెళ్లిపోలేకపోయారా’ అని ఈ దశలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. వెళ్లడానికీ చట్టం అడ్డు. దేశం వదిలేవారిపై 25 శాతం పన్ను 1931లోనే, నాజీలు రాకముందే, పెట్టుబడి బయటకు పోకుండా బ్రూనింగ్ ప్రభుత్వం పెట్టింది. అప్పుడు అది 2 లక్షల మార్కులకు పైబడిన ఆస్తిపరులకే. నాజీలు 1934లో ఆ గీతను 50,000కు దించారు. మిగిలిన సొమ్మును విదేశీ మారకంలోకి మార్చుకుంటే 1939 నాటికి చేతికి దక్కేది నూటికి నాలుగు వంతులు. వట్టి చేతులతో వచ్చేవారికి వీసా ఇవ్వడానికి చాలా దేశాలు సిద్ధంగా లేవు.

ఆ ఏడాదే మనిషిని కాగితం మీద గుర్తుపట్టే ఏర్పాటు పూర్తయింది. ఆగస్టు 17 నాటి ఉత్తర్వు ప్రకారం, ప్రభుత్వ జాబితాలోని ‘యూదు పేర్లు’ లేనివాళ్లు 1939 జనవరి 1 నుంచి మగవారైతే ఇజ్రాయెల్, ఆడవారైతే సారా అనే పేరును తమ పేరుకు కలుపుకోవాలి. అక్టోబరు 5న పాత పాస్‌పోర్టులు చెల్లవన్నారు, కొత్త వాటిపై ఎర్రటి ‘జే’ అక్షరం ముద్ర పడింది. ఈ ముద్ర వెనుక స్విట్జర్లాండ్‌తో జరిపిన సంప్రదింపులు ఉన్నాయి, శరణార్థులను సరిహద్దు దగ్గరే గుర్తుపట్టాలన్నది స్విస్ అధికారుల కోరిక. యూదు వైద్యుల అర్హతలు సెప్టెంబరు చివరితో, న్యాయవాదుల అనుమతులు నవంబరు చివరితో రద్దయ్యాయి. కొద్దిమందిని మాత్రం యూదులకే సేవ చేసేలా, వైద్యుడు, న్యాయవాది అనే బిరుదులు లేకుండా ఉండనిచ్చారు. 1933లో మినహాయింపుతో గట్టెక్కిన మాజీ సైనికుల కథ ఇక్కడితో ముగిసింది.

ఆ తర్వాతివి పెద్ద చట్టాలు కావు, చిన్న చిన్న ఉత్తర్వులు. కానీ రోజువారీ బతుకును నలిపింది అవే. పిల్లలను జర్మన్ బడుల నుంచి తీసేశారు. డ్రైవింగ్ లైసెన్సులు పోయాయి. 1939 ఫిబ్రవరిలో బంగారం, వెండి ప్రభుత్వ తాకట్టు కేంద్రాల్లో అప్పగించమన్నారు. అద్దె ఇళ్ల రక్షణ తొలగించి కొన్ని భవనాల్లోకి కుక్కారు. యుద్ధం మొదలయ్యాక రేడియోలు, తర్వాత టెలిఫోన్లు, ఉన్ని బట్టలు, టైపురైటర్లు, సైకిళ్లు పోయాయి. 1941 సెప్టెంబరు 19 నుంచి ఆరేళ్లు నిండిన ప్రతివారూ పసుపుపచ్చ నక్షత్రం కుట్టుకోవాలి. డ్రెస్డెన్‌లో ఉద్యోగం పోగొట్టుకున్న భాషా ఆచార్యుడు విక్టర్ క్లెంపరర్ వీటిని ఒక్కొక్కటిగా తన డైరీలో నమోదు చేశాడు. 1942లో పెంపుడు జంతువులను ఉంచుకోకూడదన్న ఉత్తర్వు వచ్చినప్పుడు ఆయన, ఆయన భార్య తమ పిల్లిని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి చంపించవలసి వచ్చింది. నక్షత్రం ఉన్న ఇంటి పిల్లిని వేరేవారికి ఇవ్వడానికి కూడా వీల్లేదు.

చివరికి పౌరసత్వ చట్టపు 11వ నిబంధన. 1941 నవంబరు 25న వచ్చిన ఈ నిబంధన ప్రకారం విదేశంలో నివాసం ఉన్న యూదుడి జర్మన్ జాతీయత రద్దవుతుంది, ఆస్తి రాజ్యానికి చెందుతుంది. వలస వెళ్లడాన్ని అంతకు నెల ముందే నిషేధించారు. కాబట్టి కొత్తగా ‘విదేశానికి’ వెళ్లేది ప్రభుత్వం రైలెక్కించి పంపినవాళ్లే! తూర్పున జర్మనీ ఆక్రమించిన రీగాకో మిన్స్క్‌కో చేరగానే మనిషి దేశం లేనివాడయ్యేవాడు, ఇల్లూ వాకిలీ ఖజానా సొత్తయ్యేవి. తెరెజియెన్‌స్టాట్, ఔష్విట్జ్ వంటి శిబిరాలు చట్టం లెక్కలో విదేశం కావు. అక్కడికి పంపేవారి కోసం రాజ్య వ్యతిరేకుల ఆస్తి జప్తుకు 1933లో చేసిన చట్టాన్ని తవ్వితీశారు. బెర్లిన్‌లో కోర్టు అమీనా స్వయంగా జనాన్ని పోగుచేసిన చోటికి వచ్చి ఒక్కొక్కరికీ జప్తు నోటీసు అందజేసేవాడు. అంతకుముందే 16 పేజీల ఆస్తి పత్రం నింపించేవారు. ఆ ఇళ్లలోని సామాన్లు వేలంలో ఇరుగుపొరుగు కొనుక్కున్నారు.

13వ నిబంధన 1943 జులై 1న వచ్చింది. యూదుల నేరాలను ఇక కోర్టులు కాదు, పోలీసులే శిక్షిస్తారు. చనిపోతే ఆస్తి రాజ్యానికి పోతుంది. జర్మనీ యూదుల్లో 1,60,000 నుంచి 1,80,000 మంది హత్యకు గురయ్యారు.

ఈ చట్టాల తర్వాతి గతి కూడా మీరు తెలుసుకోవాలి. మిత్రరాజ్యాల నియంత్రణ మండలి 1945 సెప్టెంబరులో తన మొదటి చట్టంతోనే వీటిని రద్దు చేసింది. రోథౌగ్‌కు 1947లో యావజ్జీవ శిక్ష పడింది, 1956లో విడుదలయ్యాడు. న్యూరెంబర్గ్ చట్టాలపై అధికారిక వ్యాఖ్యానం రాసిన ఇద్దరిలో ఒకడైన హాన్స్ గ్లోబ్కే 1953 నుంచి పదేళ్లు పశ్చిమ జర్మనీ ప్రధాని ఆడెనావర్ కార్యాలయానికి అధిపతిగా పనిచేశాడు. పోయిన పౌరసత్వాన్ని బాధితులు, వారి సంతానం తిరిగి కోరవచ్చని 1949 రాజ్యాంగం 116వ అధికరణం చెప్పింది. 11వ నిబంధన ఎంత ఘోరమైన అన్యాయమంటే అది ఏనాడూ చట్టమే కాదు, పుట్టుకతోనే చెల్లనిది అని రాజ్యాంగ న్యాయస్థానం 1968 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. అప్పటికి ఆ నిబంధన వచ్చి 26 ఏళ్లు దాటింది.